టేప్ లైబ్రరీకి సరిపోయే బార్‌కోడ్ లేబుళ్లు ఎంచుకోవడం ఎలా?

కొత్త టేపులు కొనేటప్పుడు డ్రైవ్ ఏది, కెపాసిటీ ఎంత, ఎన్ని కావాలి అన్నవే అందరూ చూస్తారు. లేబుళ్ల మాట చివర్లో ఎవరికో గుర్తొస్తుంది. అప్పటికే టేపుల పెట్టెలు వచ్చి ఉంటాయి, బ్యాకప్ మొదలుపెట్టాలన్న తొందర ఉంటుంది, దొరికిన స్టిక్కర్ ఏదో అతికించేస్తారు. నా మాట వింటే లేబుల్ సంగతి పర్చేజ్ ఆర్డర్ పెట్టకముందే తేల్చుకోండి. టేప్ లైబ్రరీ అంటే చాలా టేపులను స్లాట్లలో ఉంచుకుని, వాటిని రాసి చదివే డ్రైవ్‌లోకి రోబో చేత్తో ఎక్కించి దింపే యంత్రం. ఆ రోబోకి టేపు లోపల ఏముందో తెలియదు. దాని స్కానర్ చూసేది ముందువైపు ఉన్న ఆ చిన్న చీటీనే. ఏ టేపు ఏ స్లాట్‌లో ఉంది, ఏ డ్రైవ్‌లో పెట్టవచ్చు, ఏది డ్రైవ్‌ని శుభ్రం చేసే క్లీనింగ్ టేపు అన్న నిర్ణయాలు ఆ చీటీ చదివాకే జరుగుతాయి.

ఆఫీసుల్లో ఎక్కువగా కనబడేవి ఎల్‌టీఓ అనే రకం టేపులు కాబట్టి వాటినే తీసుకుని చెబుతాను. పాత డీఎల్‌టీ టేపుల లేబుళ్లు, ఐబీఎం 3592 టేపుల లేబుళ్లు వేరు. వాటిని వీటితో కలపవద్దు. ఇంకొక మాట: ఇక్కడ నేను తెలుగులో రాస్తున్న ఎల్8, ఎం8 లాంటివి లేబుల్ మీద ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి.

మొదట, మీ దగ్గర ఏముందో కాగితం మీద రాసుకోండి

నాలుగు సంగతులు కావాలి: డ్రైవ్ ఏ తరానిది (ఎల్‌టీఓ-7, ఎల్‌టీఓ-8 ఇలా), కార్ట్రిడ్జ్ (టేపు ఉండే ప్లాస్టిక్ డబ్బా) ఏ తరానిది, లైబ్రరీ మోడల్ ఏది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏది. కార్ట్రిడ్జ్ తరం దాని ఒంటి మీదే అచ్చువేసి ఉంటుంది. పాత స్టిక్కర్ చూసి రాయకండి, ప్లాస్టిక్ మీద చూసి రాయండి. డ్రైవ్ తరం లైబ్రరీ వెబ్ పేజీలో డ్రైవ్‌ల జాబితాలో కనబడుతుంది.

ఇక్కడే పొంతన కూడా చూసుకోండి. ఎల్‌టీఓ-7 వరకు డ్రైవ్‌లు రెండు తరాల వెనకటి టేపులను చదివేవి, ఒక తరం వెనకటి వాటి మీద రాసేవి. ఎల్‌టీఓ-8తో ఆ పద్ధతి మారింది. ఎల్‌టీఓ-8 డ్రైవ్ 7, 8 తరాలతో మాత్రమే పనిచేస్తుంది. ఎల్‌టీఓ-9 డ్రైవ్‌కి 8, 9 తరాలే. ఎల్‌టీఓ-10 డ్రైవ్ అయితే పాత తరం టేపు దేన్నీ చదవదు. కాబట్టి ఎల్‌టీఓ-6 టేపులకు ఎంత చక్కటి లేబుల్ వేసినా ఎల్‌టీఓ-8 డ్రైవ్ వాటిని ముట్టదు. అది లేబుల్ సమస్య కాదు, లేబుల్ మార్చి ప్రయోజనమూ లేదు.

రెండోది, చివరి రెండు అక్షరాలు

ఎల్‌టీఓ లేబుల్ మీద మొత్తం 8 అక్షరాలు ఉంటాయి. మొదటి 6 మీ ఇష్టం, అది టేపు నంబరు. చివరి 2 మీ ఇష్టం కాదు, అది టేపు రకం. లైబ్రరీ నమ్మేది ఆ రెండింటినే.

మామూలు టేపులకు ఇది సులువు. ఎల్‌టీఓ-5కి ఎల్5, ఎల్‌టీఓ-6కి ఎల్6, ఇలా ఎల్‌టీఓ-9కి ఎల్9 దాకా. ఒక్కసారి రాసి చెరపడానికి వీల్లేని వార్మ్ టేపులకు అంకె ఉండదు, రెండూ అక్షరాలే. ఎల్‌టీఓ-5 వార్మ్‌కి ఎల్‌వీ, 6కి ఎల్‌డబ్ల్యూ, 7కి ఎల్‌ఎక్స్, 8కి ఎల్‌వై, 9కి ఎల్‌జడ్. ఎల్‌టీఓ-10కి వెళ్తున్నవాళ్లు లైబ్రరీ మాన్యువల్‌లోని మీడియా ఐడీ (టేపు రకం అక్షరాలు) పట్టిక చూసి, అందులో ఏముంటే అదే ఆర్డర్‌లో రాయండి.

మామూలు ఎల్‌టీఓ-8 టేపుకి ఎల్‌వై లేబుల్ అతికిస్తే అది వార్మ్ టేపు అయిపోదు. ఆ గుణం కార్ట్రిడ్జ్ తయారీలోనే ఉంటుంది, దానిలోని చిప్‌లో రాసి ఉంటుంది. లేబుల్ ఒకటి చెప్పి చిప్ ఇంకొకటి చెబితే డ్రైవ్ చిప్ మాటే వింటుంది. అప్పుడు లైబ్రరీ ఒక లెక్కలో, డ్రైవ్ ఇంకో లెక్కలో ఉండి మీకు ఎర్రర్లు మిగులుతాయి. ఎల్‌టీఓ-8 టేపుకి పొరపాటున ఎల్6 లేబుల్ పడితే, టేపు బంగారంలా ఉన్నా లైబ్రరీ దాన్ని ఎల్‌టీఓ-8 డ్రైవ్‌కి సరిపోనిదిగానే చూస్తుంది.

క్లీనింగ్ టేపు లేబుల్ సీఎల్ఎన్ అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. సాధారణంగా సీఎల్ఎన్‌యూ, తర్వాత రెండంకెల నంబరు, చివర్లో ఎల్1 ఉంటాయి. డ్రైవ్ ఎల్‌టీఓ-8 అయినా లేబుల్ మీద ఎల్1 ఉందేమిటని టెన్షన్ పడకండి. యూనివర్సల్ క్లీనింగ్ టేపు అన్ని తరాలకూ ఒకటే అన్న ఉద్దేశంతో అలా పెట్టారు. డేటా టేపుల నంబర్లను మాత్రం ఎప్పుడూ సీఎల్ఎన్‌తో మొదలుపెట్టవద్దు, లైబ్రరీ దాన్ని క్లీనింగ్ టేపు అనుకుని పక్కన పెట్టేస్తుంది. ఐబీఎం పెద్ద లైబ్రరీల్లో డీజీ అనే మొదలు కూడా డయాగ్నస్టిక్ టేపులకు కేటాయించినదే, దాన్నీ వదిలేయండి.

ఎం8 లేబుల్ విషయంలో ఆగి ఆలోచించండి

పైన చెప్పిన లేబుళ్లన్నీ టేపు ఏమిటో చెప్పేవే తప్ప టేపుని మార్చేవి కావు. ఎం8 ఒక్కటే మారుస్తుంది. ఎల్‌టీఓ-8 వచ్చినప్పుడు, అంతవరకూ వాడని కొత్త ఎల్‌టీఓ-7 టేపుని ఎల్‌టీఓ-8 డ్రైవ్‌లో పెట్టి 6 టీబీకి బదులు 9 టీబీ రాసుకునే వీలు ఇచ్చారు. దానికి గుర్తు ఎం8 లేబుల్. కొత్త ఎల్‌టీఓ-7 టేపుకి ఎం8 లేబుల్ ఉందని లైబ్రరీ చూస్తే డ్రైవ్‌కి ఆ సంగతి చెబుతుంది, డ్రైవ్ మొదటిసారి లోడ్ చేసేటప్పుడు టేపుని ఆ పద్ధతిలో సిద్ధం చేస్తుంది.

చవకగా ఒకటిన్నర రెట్ల చోటు దొరికినట్టే. కానీ అలా మారిన టేపుని ఎల్‌టీఓ-7 డ్రైవ్ చదవలేదు, ఎల్‌టీఓ-9 డ్రైవ్ కూడా చదవలేదు. ప్రపంచంలో దాన్ని చదివేది ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఒక్కటే. పదేళ్లు దాచాల్సిన డేటా అయితే, ఆ పదేళ్లూ పనిచేసే ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఒకటి మీ దగ్గర ఉండి తీరాలి. వారం వారం తిరగరాసే టేపులకు ఎం8 ఫర్వాలేదు. ఆర్కైవ్‌కి వద్దనే నా సలహా. అలమరలో మిగిలిన ఎల్‌టీఓ-7 టేపులు ఉన్నాయి కదా అని ఎవరైనా ఎం8 లేబుళ్లు ఆర్డర్ చేయబోతే, ఆ టేపులు అసలు వాడినవా కాదా అని ముందు అడగండి. ఇదివరకు ఎల్‌టీఓ-7గా డేటా రాసిన టేపు మీద ఎం8 అతికిస్తే చోటు పెరగదు. లేబుల్ తప్పు, టేపు పాతది అన్న చిక్కు మాత్రం మిగులుతుంది.

మూడోది, మొదటి ఆరు అక్షరాలు

పెద్ద అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. గీతలు, చుక్కలు, ఖాళీలు వద్దు. రెండు అక్షరాలు, నాలుగంకెలు పెట్టుకుంటే ఒక్కో జతకి 10,000 టేపులు వస్తాయి, చాలామందికి అది జీవితకాలం సరిపోతుంది. ఇంగ్లీషు ఓ అక్షరం, ఐ అక్షరం పక్కన పెట్టండి. రాత్రి రెండింటికి ఫోన్లో ఎవరో నంబరు చదివి చెప్పేటప్పుడు అవి సున్నాగా, ఒకటిగా మారిపోతాయి.

నంబరులో అర్థం ఇరికించాలని చాలామందికి ఉంటుంది. సోమవారం టేపు, అకౌంట్స్ టేపు, 2024 టేపు అని. వద్దు. టేపులు చేతులు మారతాయి, నేటి వారాంతపు టేపు రేపు నెలాఖరు టేపు అవుతుంది. నంబరు పేరులా ఉండాలి కానీ ఉద్యోగంలా ఉండకూడదు. ఏ టేపు దేనికన్నది బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండనివ్వండి. ఊరు లేదా సైట్ గుర్తు పెట్టడం మాత్రం పనికొస్తుంది, టేపులు బయటికి వెళ్లి వచ్చేటప్పుడు ఎవరివో తెలుస్తాయి.

కానీ సైట్ గుర్తు పెట్టేముందు సాఫ్ట్‌వేర్ నంబరుని ఎలా చదువుతుందో చూడండి. ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాద్ ఆఫీసు టేపులకు హెచ్‌వై, విశాఖ ఆఫీసు టేపులకు వీజడ్ అని పెట్టుకున్నారనుకోండి. హెచ్‌వై0417ఎల్8 ఒకటి, వీజడ్0417ఎల్8 ఒకటి. మనిషి కంటికి రెండూ వేరే. నెట్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మీడియా ఐడీకి, అంటే ఒక్కో టేపుకి తను పెట్టుకునే పేరుకి, ఆరు అక్షరాలే తీసుకుంటుంది, మీరేమీ చెప్పకపోతే బార్‌కోడ్‌లో చివరి ఆరు తీసుకుంటుంది. అప్పుడు రెండింటికీ వచ్చే ఐడీ 0417ఎల్8. ఒకే ఐడీతో రెండు టేపులు ఉండటానికి వీల్లేదు. దీనికి మందు ఉంది. మీడియా ఐడీ జనరేషన్ రూల్‌లో, 8 అక్షరాల బార్‌కోడ్ వస్తే ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న అక్షరాలు తీసుకో అని రాయాలి. ఆ రూల్ టేపులు ఎక్కించకముందే ఉండాలి. ఎక్కించి, బ్యాకప్‌లు రాసేశాక ఐడీలు మార్చడం పెద్ద తలనొప్పి.

లైబ్రరీ వైపు కూడా ఇలాంటి సెట్టింగే ఒకటి ఉంటుంది. హెచ్‌పీఈ ఎంఎస్ఎల్ లాంటి లైబ్రరీల్లో సాఫ్ట్‌వేర్‌కి ఎన్ని అక్షరాలు పంపాలి, ఎడమ నుంచా కుడి నుంచా అని ఎంచుకోవచ్చు. పాత లైబ్రరీలో 6 అక్షరాలే పంపేలా పెట్టి ఉండి, కొత్తదానిలో 8 పంపితే, సాఫ్ట్‌వేర్‌కి పాత టేపులన్నీ కొత్త మనుషుల్లా కనబడతాయి. లైబ్రరీ మార్చేవాళ్లు పాతదాన్ని ఆఫ్ చేసేముందు ఈ సెట్టింగ్ రాసి పెట్టుకోండి.

ఒక్క నంబరు రెండుసార్లు రాకూడదు. తరం మారినా సరే, ఎల్7తో వాడిన ఆరక్షరాలని ఎల్8తో మళ్లీ వాడకండి. సాఫ్ట్‌వేర్ ఆరక్షరాలే చూస్తే అవి రెండూ ఒకటే అవుతాయి. చివరిగా ఇచ్చిన నంబరు ఏదో ఒక రిజిస్టర్‌లోనో షీట్‌లోనో ఉంచి, కొత్త ఆర్డర్ ఎప్పుడూ దాని తర్వాతి నంబరు నుంచే మొదలుపెట్టండి.

నాలుగోది, ముద్రణ

ఎల్‌టీఓ లేబుల్ మీద ఉండేది కోడ్ 39 అనే బార్‌కోడ్. సూపర్ మార్కెట్ ప్యాకెట్ల మీది కోడ్ కాదు, క్యూఆర్ కాదు, కోడ్ 128 కూడా కాదు. సన్న గీత సుమారు 0.43 మిల్లీమీటర్లు, లావు గీత దానికి 2.75 రెట్లు. తప్పు పట్టుకోవడానికి చివర్లో చేర్చే చెక్ అక్షరం దీనిలో ఉండదు. ఈ లెక్కలు కంఠతా పట్టక్కరలేదు కానీ వీటి నుంచి ఒక మంచి పరీక్ష వస్తుంది. 8 అక్షరాలకి ముందూ వెనకా నక్షత్రం గుర్తులు రెండు చేరి మొత్తం 10 అక్షరాల గీతలు పడతాయి, వాటి పొడవు దాదాపు 65 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి మొదటి గీత నుంచి చివరి గీత దాకా కొలవండి. 65కి కాస్త అటూ ఇటూ ఉంటే సరే. 57 వస్తే గీతలు మరీ సన్నం. 72 గానీ అంతకు మించి గానీ వస్తే ఎవరో చెక్ అక్షరం చేర్చారు, లేదా గీతలు లావయ్యాయి. గీతలకు రెండు పక్కలా ఖాళీ తెల్ల జాగా కూడా కావాలి, సన్న గీతకి కనీసం పది రెట్లు, అంటే నాలుగు మిల్లీమీటర్లు పైన. ఆ జాగా లేకపోతే కోడ్ ఎక్కడ మొదలైందో స్కానర్‌కి తెలియదు.

మనమే ప్రింట్ చేసుకోలేమా అని అడుగుతారు. కొనుక్కోండి అనే చెబుతాను. వేల రూపాయల టేపు, దాని మీద అంతకంటే విలువైన డేటా, అక్కడ స్టిక్కర్ దగ్గర పొదుపు చేయడం నాకు నచ్చదు. తప్పనిసరై చేసుకుంటే ప్రింటర్ చూసుకోండి. బిల్లింగ్ కౌంటర్‌లో ఉండే 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) లేబుల్ ప్రింటర్‌లో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు. సన్న గీతకి మూడు చుక్కలు వేస్తే 0.375 అవుతుంది, నాలుగు వేస్తే 0.5. కావలసిన 0.43 ఆ ప్రింటర్‌కి చేతకాదు. నాలుగు చుక్కలతో వేస్తే కోడ్ 76 మిల్లీమీటర్లకి సాగి పక్క ఖాళీని మింగేస్తుంది. 300 డీపీఐ ప్రింటర్‌లో ఐదు చుక్కలు 0.423 వస్తాయి, అది సరిపోతుంది. అందులోనూ రిబ్బన్ వాడే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ కావాలి. రిబ్బన్ లేకుండా వేడితో నల్లబడే కాగితం, బస్ టికెట్టు లాంటిది, కొన్నాళ్లకి వెలిసిపోతుంది. మన ఎండాకాలంలో టేపులు కారులో వేరే ఊరు వెళ్లి వస్తే ఇంకా త్వరగా వెలుస్తుంది. లేజర్ ప్రింటర్‌లో ఏ4 స్టిక్కర్ షీట్ మీద వేస్తే ప్రింట్ సైజు 100 శాతం ఉండాలి. పేజీకి సరిపోయేలా కుదించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే అన్ని లేబుళ్లూ ఒకేసారి పాడవుతాయి. ఇంక్‌జెట్ వద్దు, చేతి తడికే అలుక్కుపోతుంది.

రంగుల గురించి కంగారు పడక్కరలేదు. అంకెల వెనక రంగు గళ్లు మనుషుల కోసం, స్కానర్‌కి వాటితో పనిలేదు. గీతలు మాత్రం తెలుపు మీద నలుపే ఉండాలి. స్కానర్లు ఎక్కువగా ఎర్ర కాంతి వాడతాయి, ఎర్ర గీతలు వాటికి కనబడవు. పైన మెరిసే ప్లాస్టిక్ పొర, సెల్లో టేపు కూడా వద్దు. కాంతి తిరిగి కొట్టి చదవడం తప్పుతుంది, పైగా మందం పెరుగుతుంది.

ఐదోది, కొద్దిగా తెప్పించి పరీక్షించండి

పెద్ద ఆర్డర్‌కి ముందు నాలుగైదు శాంపిల్స్ అడగండి. తయారీదారులు అమ్మే లేబుల్ ప్యాక్‌లు కూడా ఉన్నాయి. హెచ్‌పీఈ ప్యాక్‌లో 100 డేటా లేబుళ్లు, 10 క్లీనింగ్ లేబుళ్లు వస్తాయి. టేపులు కొనేటప్పుడే మీరు చెప్పిన నంబర్లతో లేబుల్ అతికించి ఇచ్చే ఏర్పాటు కూడా చాలా కంపెనీలకు ఉంది. నలభై యాభై టేపులు ఒకేసారి కొనేవాళ్లకి అదే మేలు.

శాంపిల్ అతికించిన టేపుల్ని మ్యాగజైన్‌లో (లైబ్రరీలో టేపులు పెట్టే ట్రే) పై వరసలో ఒకటి, కింద వరసలో ఒకటి, ఆ చివర ఈ చివర పెట్టి ఇన్వెంటరీ, అంటే అన్ని స్లాట్ల లేబుళ్లనూ స్కాన్, చేయించండి. అన్ని అక్షరాలూ సరిగ్గా వచ్చాయా చూడండి. తర్వాత రోబోతో ఒక టేపుని వేరే స్లాట్‌కి, అక్కడి నుంచి డ్రైవ్‌కి, మళ్లీ స్లాట్‌కి కదిలించండి. చివరగా సాఫ్ట్‌వేర్‌లో చూడండి, నంబరు ఎలా కనబడింది, టేపు రకం ఏమని చూపిస్తోంది. లైనక్స్‌లో బేరియోస్, బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లు ఎంటీఎక్స్ కమాండ్‌తో స్టేటస్ అడిగితే ప్రతి స్లాట్ పక్కన వాల్యూమ్ ట్యాగ్ కనబడుతుంది. అక్కడ కనబడిందే సాఫ్ట్‌వేర్‌కి అందుతున్న పేరు. కొత్త ఎల్‌టీఓ-9 టేపుతో పరీక్షిస్తుంటే మొదటి లోడ్‌కి చాలా సమయం పడుతుంది, రెండు గంటల దాకా పట్టవచ్చు. అది టేపుని డ్రైవ్ సిద్ధం చేసుకునే సమయం. లేబుల్ తప్పని బయటికి లాగేయకండి.

ఆరోది, అతికించడం

కార్ట్రిడ్జ్ ముందువైపు లేబుల్ కోసమే ఒక పల్లం ఉంటుంది. లేబుల్ మొత్తం ఆ పల్లంలోనే ఉండాలి, అంచు ఏ వైపూ గట్టు ఎక్కకూడదు. ఎక్కిన అంచు రోబో చేతికి తగిలి లేస్తుంది, లేచిన అంచు డ్రైవ్ లోపల చిక్కుకుంటుంది. అప్పుడు పోయేది లేబుల్ కాదు, డ్రైవ్. చేతులు పొడిగా ఉంచుకుని, ఒక చివర ఆనించి, రెండో చివరకి మెల్లగా వేలితో రాసుకుంటూ వెళ్లండి, బుడగలు రాకుండా. లేబుల్ తలకిందులు కాకుండా అన్ని టేపులకూ ఒకే వైపు రావాలి. వేరే ముఖాల మీద ఏ స్టిక్కరూ వద్దు, అసెట్ ట్యాగ్ అయినా సరే. దాన్ని టేపు పెట్టెకి అతికించండి.

పాత లేబుల్ మీద కొత్తది అతికించకండి. పాతదాన్ని నిటారుగా పట్టుకుని నెమ్మదిగా లాగండి. జిగురు మిగిలితే వేలితో రుద్దితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. బ్లేడు, నీళ్లు, కెమికల్ ఏదీ వాడవద్దు.

డేటా ఉన్న టేపుకి నంబరు మార్చడం మాత్రం చేయకండి. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు టేపు మొదట్లో దాని పేరు రాసుకుంటాయి. బయట ఒక నంబరు, లోపల ఇంకొకటి అయితే రిస్టోర్ రోజున టేపు చేతిలో ఉన్నా సాఫ్ట్‌వేర్ ఇది కాదంటుంది. లేబుల్ చిరిగిపోతే అదే నంబరుతో ఒక్క లేబుల్ మళ్లీ చేయించండి. పాత నంబరు ఏదో తెలియకపోతే టేపుని డ్రైవ్‌లో పెట్టి సాఫ్ట్‌వేర్‌తో లోపలి పేరు చదివించండి. నంబరు మార్చి తీరాలంటే ఆ టేపులో గడువు తీరని డేటా ఏదీ లేదని చూసుకుని, సాఫ్ట్‌వేర్‌లో చెరిపి, కొత్త లేబుల్ వేసి, కొత్త టేపులాగా మళ్లీ చేర్చండి.

స్లాట్ నిండి ఉన్నా నంబరు రాకపోతే

ఆ టేపుని, సరిగ్గా చదువుతున్న ఇంకో టేపుని ఒకదాని స్లాట్‌లో ఒకటి పెట్టి మళ్లీ ఇన్వెంటరీ చేయించండి. తప్పు టేపుతో పాటు కొత్త స్లాట్‌కి వెళ్లిందా, లేబుల్‌లోనే తప్పు. తప్పు పాత స్లాట్‌లోనే ఉండిపోయిందా, స్లాట్‌నీ స్కానర్‌నీ చూడాలి. లేబుల్ బాగానే ఉన్న చాలా టేపులు ఒక్కసారిగా చదవడం మానేస్తే లేబుళ్లు మార్చే పని పెట్టుకోకండి, సర్వీస్ ఇంజినీర్‌ని పిలవండి. ఒకటి రెండు మాత్రమే అప్పుడప్పుడు తప్పుతుంటే వాటి గీతల మీద గీరుడు, మరక, లేచిన అంచు ఉన్నాయేమో చూడండి, ఉంటే అదే నంబరుతో కొత్త లేబుల్ తెప్పించండి. వాడకుండా మిగిలిన లేబుళ్ల షీట్‌ని టేపుల అలమరలోనే, ఎండా తేమా తగలకుండా, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా మిగిలాయో పైన రాసి ఉంచండి. తర్వాత ఆర్డర్ పెట్టేవాళ్లు మొదట చూడాల్సింది దాన్నే.